లోపలి గుడ్డ

జూన్ 3

అక్కకు నమస్కారం.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, నీ ఆసుపత్రీ, నీ వార్డులో రోగులూ క్షేమమే అనుకుంటాను. రోగులు క్షేమంగా ఉంటే నీకు ఉద్యోగం ఉండదు కాబట్టి మరీ అంత క్షేమం కోరను.

ముందు మంచి కబురు. కొత్తగా కట్టిన లాడ్జీ వాళ్ళు గదులన్నిటికీ పరుపులూ దిండ్లూ మన కొట్టుకే ఇచ్చారు. నాన్న ఉంటే వీధి అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. నాకు ఆ తీరిక లేదు. మిషను తొక్కడం, కుట్టడం, మళ్ళీ తొక్కడం. దూది ఏకే తాతకి గడ్డంలో కూడా దూదే.

కాలంటే గుర్తొచ్చింది. నవ్వకు. మొన్న పొద్దున పరుపు అంచు కుడుతుంటే దబ్బనం విరిగింది. మొన ముక్క ఎటు ఎగిరిందో తెలియలేదు. పరుపులో ఉండిపోతే కొన్నవాడి వీపులో దిగుతుందని ముగ్గురం కొట్టంతా గాలించాం. సరిగ్గా చూడటం లేదని తాతని తిట్టాను కూడా. మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతూ చెప్పు విడిస్తే అది కాలి నుంచి ఊడి రాలేదు. నీ మరదలు వంగి చూసి కెవ్వుమంది. ముక్క చెప్పు అడుగులోంచి నా కుడి అరికాల్లోకి దిగి ఉంది. పొద్దున్నుంచీ దాన్ని కాల్లో పెట్టుకునే దాన్ని వెతికానన్నమాట. చిత్రమేమిటంటే చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు.

వీధి చివర ఆసుపత్రిలో తీసేశారు. మందులో తడిపిన తెల్లగుడ్డ ఏదో మడిచి గాయం మీద పెట్టి, పైన కట్టు కట్టారు. రెండు రోజులకోసారి వచ్చి మార్పించుకోవాలట. షుగరుందని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చారు. లాడ్జీ పని నెత్తిన పెట్టుకుని అక్కడ వరసలో ఎవడు కూర్చుంటాడు? కొట్టు నిండా మల్లుగుడ్డ తానులే. నీ మరదలు కడుతుంది, నువ్వు ఉత్తరంలో నేర్పు.

ఇట్లు,
నీ దబ్బనం తమ్ముడు


జూన్ 8

ఒరేయ్ తమ్ముడూ,

అందరం క్షేమం అని మొదలుపెట్టి కాల్లో దబ్బనం దిగిందని రాసేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. నీ ఉత్తరం డ్యూటీ గదిలో నిలబడి విప్పాను. సగంలో కుర్చీ లాక్కుని కూర్చోవాల్సి వచ్చింది. పక్కనున్న సిస్టరు ఏమైందని అడిగితే ఉత్తరమే చేతికిచ్చాను.

నొప్పి లేదని అదో ఘనకార్యంలా రాశావు. నొప్పి లేకపోవడమే రా నాకు భయం. షుగరున్నవాళ్ళ పాదాలకి స్పర్శ పోతుంది. నిప్పు తొక్కినా తెలియదు. నీకు ఎప్పటినుంచి తెలియడం లేదో ఆలోచించుకో. చన్నీళ్ళలో కాలు పెడితే చల్లగా అనిపిస్తోందా? ఈ ప్రశ్నకి వచ్చే ఉత్తరంలో జవాబు కావాలి, వెటకారం వద్దు.

వరసలో కూర్చోవడం నీవల్ల కాదని నాకు తెలుసు. నాన్న నీ చెవి పట్టుకుని లాక్కెళ్ళినా కాలేదు. నాకు ఇప్పుడు సెలవు దొరకదు, వార్డులో మంచాలు చాలక నేల మీద పడుకోబెడుతున్నాం. అందుకని మరదలికే చెబుతున్నాను, తను బుద్ధిమంతురాలు. కట్టు రోజూ మార్చాలి. ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. గుడ్డని నీళ్ళలో మరగబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి వాడాలి. తడి తగలనివ్వొద్దు. ఆ కాలితో మిషను తొక్కొద్దు. తొక్కావని తెలిసిందో, వచ్చి మిషను పట్టుకుపోతాను.

ఇక్కడి దిండ్లు రాళ్ళకంటే గట్టిగా ఉన్నాయి. ఒక ముసలాయన రోజూ దాన్ని గుద్ది గుద్ది అలిసిపోయి నిద్రపోతున్నాడు. నీ దిండు ఒకటుంటే బాగుండేది.

కోపంగా,
అక్క


జూన్ 13

అక్కా,

నీ ఆజ్ఞ అక్షరాలా అమలవుతోంది. ఇంట్లో అన్నం గిన్నె కంటే గుడ్డలు మరగబెట్టే గిన్నె పెద్దది. నీ మరదలికి చేతులు కడిగి కడిగి అరచేతులు తెల్లబడ్డాయి. రోజూ సాయంత్రం పాత కట్టు విప్పడం, కొత్తది చుట్టడం. ఆ చుట్టడం చూడాలి నువ్వు. పరుపు అంచు మడిచినట్టు ఒకదాని మీద ఒకటి వేలెడు వెడల్పున వరసగా, ముడి ఎక్కడుందో కనబడదు. లాడ్జీ యజమాని చూసి, ఏ పెద్దాసుపత్రిలో కట్టించుకున్నావని అడిగాడు. మా ఇంట్లోనే అన్నాను. దిండ్లకి కూడా అలాంటి పని కావాలన్నాడు.

ఒక్కోసారి కాస్త తడి పైకి వస్తుంది. అలాంటప్పుడు ఏకిన దూది పలచగా పరిచి, దాని మీద కడుతోంది. మన దూది పీల్చే గుణం నీకు తెలియనిదా.

చన్నీళ్ళ సంగతి అడిగావు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. మిషను ఎడమకాలితో తొక్కుతున్నాను. నిజం చెబుతున్నా, అప్పుడప్పుడు కుడికాలు తనే వచ్చి సాయం చేస్తుంది.

ఇక్కడ మాకు పెద్ద తలనొప్పి ఒకటి వచ్చి పడింది. వెనకగదిలో దూది బస్తాల మధ్య ఎక్కడో ఎలుక చచ్చింది. మూడొంతుల బస్తాలు వీధిలోకి లాగి వెతికాం. వాసనుంది, ఎలుక లేదు. తాత ముక్కు పట్టుకుని పని చేస్తున్నాడు. నీ మరదలైతే పడకగదిలోకి కూడా వస్తోందని కిటికీలు తెరిచి పడుకుంటోంది. లాడ్జీ పరుపులకి ఆ వాసన పడితే నా పరువు గంగలో కలిసినట్టే.

నీ తమ్ముడు


జూన్ 17

తమ్ముడూ,

మరదలి చేతిపని గురించి చదివి ముచ్చటేసింది. మా దగ్గర నేర్చుకునే పిల్లలకి ఆ ఓపిక లేదు. కానీ దూది వేయొద్దని చెప్పు. పోగులు గాయానికి అంటుకుంటే ఊడదీయడం నరకం. ఉత్త గుడ్డే వాడమను.

కుడికాలు తనే వచ్చి సాయం చేస్తోందా? అది వచ్చినట్టే నేనూ వస్తా, చూస్తూ ఉండు.

ఎలుక కోసం బస్తాలు కాదు, గోడ వారగా చెక్కల కింద చూడండి. చిన్నప్పుడు ఇలాగే అయితే నాన్న చివరికి తన కుర్చీ కిందే పట్టుకున్నాడు, గుర్తుందా. ఆ రోజంతా మనతో మాట్లాడలేదు.

ఒక సంగతి మాత్రం నువ్వు రాయలేదు. విప్పిన గుడ్డ మీద మరక ఏ రంగులో ఉంటోంది? ఎర్రగానా, పసుపుపచ్చగానా, ఇంకెలాగైనానా? మా పనిలో ఉన్నవాళ్ళకి ఆ గుడ్డ చూస్తే గాయాన్ని చూసినట్టే. ఉన్నది ఉన్నట్టు రాయి.

ఉంటాను,
అక్క


జూన్ 22

అక్కా,

రాయడమెందుకు, గుడ్డే పంపుతున్నాను. ఈ కవరులో ఉన్నది నిన్న సాయంత్రం విప్పిన కట్టు. ఉతకలేదు, విప్పింది విప్పినట్టే మడిచాం. కళ్ళారా చూసుకో. రంగూ లేదు, మరకా లేదు. నువ్వు భయపడ్డట్టు దూది పోగులు కూడా దేనికీ అంటుకోవడం లేదు, గుడ్డ ఇలా తీస్తే అలా వచ్చేస్తుంది. నీ మరదలు నీ మెప్పు కోసం ఎదురుచూస్తోంది, నాలుగు మంచి మాటలు రాయి.

చెక్కలు ఎత్తించాం, గోడ వారగా తవ్వించాం. ఎలుక దొరకలేదు. మొన్న లాడ్జీకి మొదటి విడత పరుపులు తీసుకెళ్ళి దించుతుంటే అక్కడా అదే వాసన. యజమాని ముఖం చిట్లించి కిటికీ తెరిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పరుపులన్నీ వాసన చూశాను, ఒక్కదానికీ లేదు. ఈ ఎలుక నా వెంటే తిరుగుతోందని తాతతో అన్నాను. తాత నవ్వలేదు.

పని ఎక్కువైందేమో, కాస్త ఒళ్ళు వెచ్చబడింది. రెండు రోజుల్లో సర్దుకుంటుంది. కాలు మాత్రం బ్రహ్మాండం, నొప్పి లేదు.

నీ తమ్ముడు


జూన్ 26

తమ్ముడూ,

ఈ ఉత్తరం కంటే ముందే నా టెలిగ్రాం అంది ఉంటుంది. అందినవాడివి ఆసుపత్రిలో ఉండి ఉండాలి. ఇంకా ఇంట్లో కూర్చుని దీన్ని చదువుతున్నట్టయితే ఇక్కడే ఆపి, రిక్షా పిలిపించుకుని పెద్దాసుపత్రికి పో. మిగతాది దారిలో చదువుకో.

నీ కవరు వార్డు బల్ల మీద విప్పాను. తెల్లగా ఉంది. మొదట సంతోషమేసింది, ఆ మాట దాచను. మడతలు విప్పుతూ విప్పుతూ పోయాను. గాయానికి ఆనిన గుడ్డ మీద ఎక్కడో ఒకచోట దాని ముద్ర పడి తీరుతుంది. ఎంత బాగా మానుతున్న పుండైనా చిన్న చుక్కన్నా వదులుతుంది. ఈ గుడ్డ మీద నీ చెమట ఉంది, మడమ చుట్టూ తిరిగిన ఒంపు ఉంది, అంతే. ఇది నీ గాయాన్ని ఒక్కసారి కూడా తాకలేదు. ఆ తర్వాత నీ ఉత్తరం చదివాను, ఎలుక దగ్గరికి వచ్చాను. చెయ్యి తగిలి బల్ల మీది ట్రే కింద పడిపోయింది. వార్డంతా లేచి కూర్చుంది.

ఎలుక లేదురా. వెతకడం ఆపండి.

మా దగ్గర గాయం మీద ఆనించి పెట్టేదాన్ని డ్రెస్సింగ్ అంటాం. అది కదలకుండా పైన చుట్టేది బ్యాండేజీ. మందు పని చేసేది, చీము పీల్చేది, మాటిమాటికీ మార్చాల్సింది లోపలిది. పైది పట్టుకుని ఉండటానికే. ఆ డాక్టరు మొదటిరోజు మడిచి పెట్టిన తెల్లగుడ్డ ఉంది చూడు, అది ఏమైంది? అది ఇంకా అక్కడే ఉందా? దాన్ని అలాగే ఉంచి, దాని మీద దూదీ, దూది మీద మల్లుగుడ్డా, ఇన్నాళ్ళూ పైదే మారుస్తూ వచ్చారా? కాదని రాయి. నేను పొరబడ్డానని, పిచ్చిదాన్నని రాయి.

లోపలిది మీరు లాగొద్దు. ఆసుపత్రిలోనే తీయాలి. సెలవు ఇవ్వనంటే ఉద్యోగం మానేసైనా వస్తాను.

అక్క


జూలై 1

అక్కా,

పెద్దాసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. చేతిరాత వంకరగా ఉంటే జ్వరం వల్ల అనుకో.

టెలిగ్రాం చూసి తాత ముందే ఏడుపు మొదలుపెట్టాడు, నీకేదో అయిందనుకుని. నేను చదివి విసుక్కున్నాను. లోపలి గుడ్డ తీయించుకో అని ఉంది. మానుతున్నదాన్ని కెలకమంటుందేమిటి అనుకున్నాను. నీ మరదలు నా మాట వినలేదు. తనే రిక్షా తెచ్చింది.

ఇక్కడి డాక్టరు చిన్నవాడే. కట్టు చూసి, చక్కగా కట్టారండీ అన్నాడు. నీ మరదలు నవ్వింది కూడా. మల్లుగుడ్డ విప్పాడు. దూది పొర తీశాడు. దాని కింద ఇంకో పొర, దాని కింద ఇంకోటి. మేము వేసినవి అన్ని ఉన్నాయని మాకే తెలియదు. అడుగున ఆ మొదటి గుడ్డ ఉంది. అది తెలుపు కాదు. గుడ్డలా కూడా లేదు. నీళ్ళు పోసి, పోసి, చివరికి పట్టుకారుతో అంచు పట్టి ఎత్తాడు. దాంతోపాటు చర్మం లేచి వచ్చింది. ఆ వాసన గదిలోకి వచ్చింది. మేము బస్తాలు లాగి, నేల తవ్వి వెతికిన వాసన. నీ మరదలు బయటికి పరిగెత్తింది. నేను కన్నార్పకుండా చూస్తూ కూర్చున్నాను. లోపల ఎముక తెల్లగా కనిపించింది. ఎవరి కాలో చూస్తున్నట్టుంది, నాకు ఇప్పటికీ నొప్పి లేదు. డాక్టరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

నువ్వు కాదని రాయమన్నావు. ఏమని రాయను? నాన్న కొట్టులో మనకి మొదట నేర్పింది ఏమిటి? గలీబు ఎన్నిసార్లయినా మార్చు, లోపల కుదురుకున్న దూదిని కదపకు, కదిపితే ఉండలు కడుతుంది, ఇక ఆ పరుపు బాగుపడదు. నా చేతులకి అదే అలవాటు. నువ్వు కట్టు మార్చమన్నావు, రోజూ మార్చాను. లోపలిది డాక్టరు స్వయంగా పెట్టింది, దాని పని అది చేసుకుంటోంది, మనం వేలు పెట్టకూడదనుకున్నాను. నీ మరదలు ఒకసారి అడిగింది, లోపలిది కూడా తీయాలేమో అని. కసిరాను.

పాదంతో ఆగదట. మోకాలి కిందికి తీసేయాలంటున్నారు. ఎల్లుండి. మిషను తొక్కేది ఆ కాలేనని డాక్టరుకి చెప్పాను, ఆయనకి తెలియదేమోనని. తలూపాడు. లాడ్జీ వాళ్ళకి ఇంకా సగం పరుపులు ఇవ్వాలి. నాకు భయంగా ఉందక్కా. నువ్వు రా.

తమ్ముడు


జూలై 19

తమ్ముడూ,

ఇల్లు చేరి నాలుగు రోజులైంది. నేను నీతో మాట్లాడకుండా బయలుదేరానని, అక్కకి నా మీద కోపం తగ్గలేదని నువ్వు బాధపడుతున్నావని మరదలు రాసింది. ఇవాళ డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆ ఉత్తరం తలుపు కింద పడి ఉంది.

కోపం కాదురా. నేను వచ్చేసరికి నీ ఆపరేషను అయిపోయింది. నువ్వు నిద్రలో ఉన్నావు. దుప్పటి ఎడమవైపు పాదం దాకా ఎత్తుగా ఉంది, కుడివైపు మధ్యలోనే పడిపోయి పరుపుకి ఆనుకుని ఉంది. అలాంటి దుప్పట్లు నేను రోజూ సర్దుతాను. ఆ ఒక్కటి సర్దలేకపోయాను. అక్కడున్నన్ని రోజులూ నీకు డ్రెస్సింగ్ చేశాను, నువ్వు నా ముఖం చూశావు, నేను నీ ముఖం చూడలేదు. తలెత్తితే ఏడుస్తానని. నా చేతులు ఆడుతున్నంతసేపే నేను నిలబడగలిగాను.

నువ్వు ఎలుక అని రాశావు. నేను చదివి నవ్వాను, చెక్కల కింద చూడమన్నాను. వార్డు గుమ్మంలో ఉండగానే లోపల ఏ మంచం మీద ఏ గాయం చెడిందో చెప్పేయగల దాన్ని. నీ దగ్గర నుంచి ఆ వాసన ఉత్తరంలో వస్తే పట్టుకోలేకపోయాను. కట్టు మార్చండి అని ఎంతమందిని ఇళ్ళకి పంపానో. అది విని వాళ్ళు ఇంటికెళ్ళి ఏం చేస్తున్నారో ఒక్కనాడూ అడగలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను.

ఇప్పుడు పంపించే ముందు వాళ్ళ చేతే విప్పించి, కట్టించి చూస్తున్నాను. నిన్న ఒకావిడ, భర్తకి వీపు మీద పుండు. చదువుకున్న మనిషే. పైగుడ్డ జాగ్రత్తగా విప్పింది, శుభ్రమైనది చుట్టింది, చేతులు దులుపుకుని అయిపోయిందండీ అంది. లోపలి గుడ్డ కదలనే లేదు. ఆ మంచం చివర పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నాకు మంచినీళ్ళు ఇచ్చింది.

కుట్లు ఎలా ఉన్నాయో రాయి. లోపలిది రోజూ మారుస్తున్నారా? ఎవరు మారుస్తున్నారు? దాని మీద మరక ఏ రంగులో ఉంది?

నీ అక్క


ఆగస్టు 2

అక్కా,

ఇంటికి వచ్చేశాను. అందరం క్షేమం అని రాయబోయి, నువ్వు తిడతావని ఆగాను.

నీ ముఖం చూశాననుకున్నావు గానీ, నేనూ చూడలేదు, లెక్క సరిపోయింది. ఇక ఆ మాట ఎత్తకు.

లోపలిదీ పైదీ రెండూ రోజూ మారుతున్నాయి. మార్చేది నీ మరదలే. ఆసుపత్రి వాళ్ళు దగ్గర కూర్చోబెట్టి నేర్పారు. లోపలిది తీసినప్పుడల్లా వెలుతురులో పట్టుకుని నాకు చూపిస్తుంది, నేను సరే అన్నాకే పడేస్తుంది. మరక లేత ఎరుపు. నిన్నటికి చుక్కంత మిగిలింది. నేను కసిరిన రోజు గురించి తను ఒక్కమాట అనలేదు. నేనే అన్నాను. వినపడనట్టు గుడ్డలు మడుచుకుంటూ కూర్చుంది.

లాడ్జీ పరుపులు పూర్తయ్యాయి. మిషను మీద కూర్చున్నది తనే. నేను పక్కన స్టూలు మీద కూర్చుని అంచులు మడిచి అందించాను. తాత మా ఇద్దరినీ చూసి దూది ఏకుతూ ఏడ్చాడు, దూది తడిసిపోతుందని తిట్టాను. లాడ్జీ యజమాని వచ్చి పరుపులన్నీ వాసన చూసుకుని మరీ పట్టుకెళ్ళాడు. తప్పు లేదు. నీ వార్డు ముసలాయనకి ఒక దిండు విడిగా పార్సిలు చేశాను. ఆయన ఇంకా ఉంటే ఇవ్వు.

ఇప్పుడు నీకు మాత్రమే చెప్పే సంగతి. నీ మరదలికి చెప్పలేదు, భయపడుతుంది.

మొన్న మధ్యాహ్నం స్టూలు మీద కూర్చుని ఉండగా కుడి అరికాల్లో పోటు వచ్చింది. అబ్బా అని వంగి పట్టుకోబోయాను. చేతికి గాలి తగిలింది. లుంగీ తగిలింది. పాదం లేదు కదా. అయినా పోటు ఉంది. సూది మొన దిగి, ఇంకా దిగి, లోపల తిరిగినట్టు. ఎక్కడో తెలుసా, బొటనవేలి కింద, మెత్తటి చోట. దబ్బనం ముక్క దిగిన చోటే. ఆ రోజు పొద్దున్నుంచీ దాన్ని కాల్లో పెట్టుకుని కొట్టంతా తిరిగితే తెలియని నొప్పి, ఆ డాక్టరు చర్మం ఊడదీస్తుంటే తెలియని నొప్పి, అంతా ఇప్పుడు వస్తోంది. రోజూ వస్తోంది. పళ్ళు బిగించి కూర్చుంటున్నాను. నీ మరదలు మిషను ఆపి ఏమైందని చూస్తే, ఏం లేదు, తొక్కు అంటున్నాను.

కాలున్నప్పుడు నొప్పి లేదని రాసి నిన్ను భయపెట్టాను. ఇప్పుడు ఉందని రాస్తున్నాను. మీ దగ్గర దీనికి ఏం చేస్తారక్కా? కట్టు విప్పి చూస్తే అక్కడ ఏమీ లేదు. మందు ఎక్కడ పెట్టమంటావు?

నీ తమ్ముడు